యాభై ఎనిమిది లీటర్ల నీలవేణి

మా జీడిలోవలో అందరి దగ్గరా ఫోనుంది. లేనిదల్లా సిగ్నలే. నాలుగు పక్కలా కొండలు, మధ్యలో గిన్నె అడుగున మిగిలిన గంజిలా మేం. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే ఆరు కిలోమీటర్లు ఘాటీ ఎక్కి, పైన మైలురాయి మీద నిలబడి చెయ్యాలి. మన ఆయాసం తగ్గి మాట బయటికొచ్చేసరికి అవతలివాడు విసిగి పెట్టేస్తాడు. అందుకని ఊళ్ళోవాళ్ళు ఫోన్లని పాటలకీ టార్చిలైటుకీ వాడుకుంటారు. నేను అంగన్‌వాడీ టీచరుని కనక పిల్లలవీ కడుపుతో ఉన్నవాళ్ళవీ బరువులు దాన్లో రాసుకుని, తరవాత రిజిస్టరులో ఎక్కిస్తాను.

రెండేళ్ళ కిందట మా కోడలు నీలవేణికి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. మా అబ్బాయి ఘాటీ ఎక్కి అంబులెన్సుకి ఫోను చేసేసరికి గంట. అది వచ్చేసరికి ఇంకో గంటన్నర. ఈలోగా మంచానికి తాళ్ళు కట్టి ఆమెను సగం ఘాటీ దాకా మోసుకుపోయాం. నీలవేణి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం ఎత్తం.

ఈ ఏడు నీలవేణికి మళ్ళీ నెల తప్పింది. ఏప్రిల్ మూడోవారంలో కాన్పని డాక్టరమ్మ రాసింది. మా అబ్బాయి విశాఖలో వెల్డింగు పని, ఆదివారం తప్ప ఇంట్లో ఉండడు. సరిగ్గా ఇలాంటప్పుడు, ఫిబ్రవరిలో, ఘాటీ మీంచి ఓ జీపు దిగి, అందులోని మనుషులు ప్రతి ఇంటి చూరుకీ తెల్లటి పెట్టె ఒకటి బిగించారు. ఒక పెట్టె చెప్పిన మాట పక్క పెట్టెకి, దాన్నుంచి ఆ పక్కదానికి, బంతి భోజనాల్లో విస్తళ్ళు చేతులు మారినట్టు మారుతూ ఘాటీ మీదికి పోతుందట. తీగలక్కర్లేదట. ఊళ్ళో అందరికన్నా ముందు ఆ పెట్టెలకి దణ్ణం పెట్టింది నేనే.

బడి వరండాలో మీటింగు పెట్టారు. ఆ పెట్టెలు పెట్టిన పరిశోధనా సంస్థ డైరెక్టరు పరాంకుశంగారు శాలువా సవరించుకుని లేచారు.

"నేటినుండి జీడిలోవ కేవలం గ్రామం కాదు! ఇది బహిరంగ పరీక్షాక్షేత్రం! ప్రపంచమందలి ఏ పరిశోధకుడైనను, ఏ దేశమునుండియైనను, ఈ పెట్టెల వలను నిస్సంకోచముగా వినియోగించుకొనవచ్చును. దీని ద్వారములు సర్వులకూ తెరిచియున్నవి!"

మేం చప్పట్లు కొట్టాం. పోలినాయుడు చెయ్యెత్తాడు. పోలినాయుడంటే మా పక్కింటివాడు, నాకు వరసకి మరిది, జిల్లా మొత్తంలో బుద్ధిలేని గేదె ఒకటుంటే దానికి యజమాని.

"అయితే బాబూ, ఇయాల్టి నుంచి మా ఫోన్లు పలుకుతాయన్నమాట!"

డైరెక్టరుగారు వాణ్ణి జాలిగా చూశారు. "వినియోగదారులు వేరు, మీరు వేరు. మీరు పర్యావరణం."

"అంటే ఏటి బాబూ?"

"అనగా కొండ, గోడ, చెట్టు, మీరు. సంకేతమునకు దారిలో అడ్డువచ్చు సమస్తమూ పర్యావరణమే."

పోలినాయుడు పొంగిపోయి కూర్చున్నాడు. వాణ్ణి అంత పెద్ద మాట ఇదివరకెవరూ అనలేదు.

నేను లేచి అసలు సంగతి అడిగాను. మాకెప్పుడిస్తారని. ఆయన వేలు పైకెత్తారు. "పునరావృతి! ఒకే పరిస్థితులలో, వరుసగా పది పర్యాయములు, ఒకే ఫలితము రావలెను. అట్లు వచ్చిననాడు ఈ వల గ్రామస్థులకు విడుదల చేయబడును. మధ్యలో ఏ చిన్న విచలనము సంభవించినను లెక్క మరల ఒకటినుండి ప్రారంభము."

వారానికొకసారి చొప్పున పది మంగళవారాలు. నేను వేళ్ళ మీద లెక్కేశాను. కాన్పుకి వారం పది రోజులు ముందే అయిపోతుంది. ఇంకేం కావాలి? ఇంటికెళ్ళి బెల్లమన్నం వండాను.

ఒకే పరిస్థితులంటే ఏమిటో రెండోవారంలో తెలిసింది. సంస్థ ఇంజనీరు హిమబిందు అనే సన్నపాటి పిల్ల, చేతిలో కాగితాలతో ఇంటింటికీ తిరిగింది. కిందటి మంగళవారం పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది దాకా ఊళ్ళో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎంతసేపు నిలబడ్డారో, కెమెరాలు పెట్టి మొత్తం రాసుకున్నారట. దాని పేరు ప్రామాణిక దినం. ఇకమీదట ప్రతి మంగళవారం ఆ గంటలో అందరం అదే చెయ్యాలట.

"కిందటి మంగళారం నానేటి చేసినానో నాకు గుర్తులేదే," అన్నాను.

హిమబిందు కాగితం చూసి, నేలచూపులతో చదివింది. "ఏడూ పన్నెండుకి మీరు నులకమంచం మీద గుమ్మడి వడియాలు పెట్టారు టీచరుగారూ. ఏడూ ఇరవైకి పోలినాయుడుగారి గేదె వచ్చి తిన్నది. ఏడూ ఇరవై ఒకటి నుంచి ఏడు నిమిషాల నలభై సెకన్లు మీరు ఆయన్ని తిట్టారు. చేతులు ఊపుతూ."

"మాటలు కూడా అయ్యేనా?"

"మాటలక్కర్లేదండి. చేతులు ముఖ్యం."

అలా మొదలైంది మా తద్దినం. ప్రతి మంగళవారం కిలో గుమ్మడి వడియాలు నేను మంచం మీద ఆరబెట్టాలి. గేదె వచ్చి తినాలి. నేను చేతులూపుతూ తిట్టాలి. నీలవేణి బోరింగు దగ్గర బిందె పట్టుకుని ఇరవై రెండు నిమిషాలు నిలబడాలి. మొదటిసారి కడుపుమండి తిట్టినవాణ్ణి రెండోసారి చూసి తిట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పైగా గేదెకి అలవాటైపోయి, ఏడూ పద్దెనిమిదికే వచ్చి మంచం పక్కన నిలబడి రెండు నిమిషాలు ఆగేది. ఊరు మొత్తమ్మీద సంస్థవారి మనసు తెలుసుకున్నది అదొక్కతే.

"వదినా, ఈ వారం తిట్లలో పస తగ్గిపోనాది. ఒంట్లో బాగోలేదేటి?" అనేవాడు పోలినాయుడు, తిట్లు తింటూనే.

"నీ మొగం, కదలకుండా నిల్సో. ఇంకా మూడు నిమిషాలుంది," అనేదాన్ని నేను, చెయ్యి ఊపుతూనే.

మూడో మంగళవారం పోలినాయుడి బావమరిది చంకలో కోడిపుంజుతో చుట్టపుచూపుగా వచ్చాడు. ఏడుంబావుకి ఊళ్ళో అడుగుపెట్టాడు. అతని ఒంట్లో నీళ్ళున్నాయి కదా, నీళ్ళు సంకేతాన్ని తాగేస్తాయట. పెట్టెలు వెంటనే పసిగట్టి ఘాటీ మీది కంట్రోలు రూములో గంట కొట్టాయి. సరిగ్గా పదకొండు నిమిషాల్లో జీపు దిగింది. పుంజుతో సహా అతన్ని ఎక్కించుకుని ఇరవై ఐదు కిలోమీటర్ల అవతల పట్నం బస్టాండులో దింపేసి వచ్చారు.

ఆ సాయంత్రం పంచాయతీ గోడకి కాగితం అంటించారు. నిబంధన తొమ్మిది: "పరీక్షాసమయమున ప్రామాణిక దినపు జాబితాలో లేని వ్యక్తిగాని జంతువుగాని క్షేత్రపరిధిలో కనబడినచో, అట్టి అదనపు ద్రవ్యరాశిని సంస్థ వాహనములో తక్షణమే పట్నపు బస్టాండునకు తరలించవలెను. ఇందుకు మినహాయింపు లేదు."

లెక్క మళ్ళీ ఒకటికి వచ్చింది. ఇక పది పూర్తయ్యేది ఏప్రిల్ ఆఖరుకి. అంటే కాన్పు దాటాక.

మర్నాడే ఘాటీ ఎక్కాను. కంట్రోలు రూములో డైరెక్టరుగారు టీ తాగుతున్నారు. "బాబూ, వల తరవాతియ్యండి, పర్వాలేదు. మా కోడలికి నొప్పులొచ్చినప్పుడు ఈ జీపు ఒక్కపాలి పంపండి. పదకొండు నిమిషాల్లో దిగుతాది కదా. పోయినపాలి మాం బిడ్డని దక్కించుకోలేపోనాం," అన్నాను. అంతవరకూ ఎవరి ముందూ ఏడవని దాన్ని ఆయన ముందు ఏడ్చాను.

ఆయన కప్పు కింద పెట్టారు. నిజంగానే బాధపడ్డారు. "చూడమ్మా, మీ ఆవేదన మాకు అవగతమైనది. కాని వాహనము విచలన నివారణకు మాత్రమే ఉద్దేశింపబడినది. ప్రసవము విచలనమని ఎచటా నిర్వచింపబడలేదు."

"మరి కోడిపుంజు?"

"కోడిపుంజు విచలనమే."

ఐదో మంగళవారం సాయంత్రం హిమబిందు మా ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, ఎలా చెప్పాలో తెలీక గోళ్ళు గిల్లుకుంది. బోరింగు దగ్గర లెక్క తప్పుతోందట. వారంవారం అక్కడి ద్రవ్యరాశి పెరుగుతోందట.

"పెరగదేటమ్మా? కడుపుతో ఉన్న పిల్ల!"

"నాకు తెలుసండి. పైవాళ్ళు అడగమన్నారు..." ఆమె కాగితం తీసింది. "పరీక్షలు ముగిసేదాకా ఆవిడ ఫిబ్రవరి మొదటివారపు స్థితిలోనే ఉండడానికి వీలవుతుందా అని."

నేనేమన్నానో ఇక్కడ రాయను. ఏడు నిమిషాల నలభై సెకన్లకి పైగా అన్నాను. ఈసారి పసకి లోటు రాలేదు. ఆ పిల్ల తల వంచుకుని అంతా విని, "నేనూ అదే అన్నానండి, ఇంత బాగా అనలేకపోయాను," అంది. అప్పట్నుంచి ఆమె మీద నాకు కోపం పోయింది.

ఆరోవారం జీపులో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము దిగింది. ఫిబ్రవరిలో నీలవేణి బరువు ఎంతో నా రిజిస్టరులోంచే రాసుకుపోయి, దాన్లో సరిగ్గా యాభై ఎనిమిది లీటర్ల నీళ్ళు పోసి, బోరింగు పక్కన నిలబెట్టారు. మీద చీటీ: నీలవేణి (ప్రత్యామ్నాయం). జాబితాలో కోడలి పేరు కొట్టేసి డ్రమ్ము పేరు ఎక్కించారు. అసలు నీలవేణి ఆ గంటసేపూ పొలిమేర అవతల జీడితోటలో చాప మీద కూర్చోవాలి.

"అత్తా, నాకన్న అదే నయమట. కదలదట, బిందె చెయ్యి మార్చదట," అని నీలవేణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బోరింగు దగ్గర బరువు పెరిగిన కిందటి వారాలేవీ చెల్లవట, లెక్క ఆరోవారంలో మళ్ళీ ఒకటికి వచ్చింది.

ఫలితాలు మాత్రం అద్భుతమట. డ్రమ్ము తల గోక్కోదు, దగ్గదు, ఎవరైనా పిలిస్తే తిరిగి చూడదు. డైరెక్టరుగారు ఆనందం పట్టలేక ఊళ్ళోకి వచ్చి డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణంలా తిరిగారు. "ఆదర్శ గ్రామీణురాలు!" అన్నారు. ఇది విన్న పోలినాయుడు ఊరుకుంటాడా? "బాబ్బాబూ, నాను పొలమెల్లాల. నాకూ ఓ డ్రమ్ము పడీండి," అన్నాడు. వాడికి డెబ్భై ఒక్క లీటర్లు పడ్డాయి. వాణ్ణి చూసి అందరూ క్యూ కట్టారు. పదో మంగళవారానికి ఆ గంటలో ఊళ్ళో మిగిలింది పందొమ్మిది డ్రమ్ములు, ఒక గేదె, నేను. నాకు డ్రమ్మివ్వలేదు. డ్రమ్ము చేతులూపలేదు కదా. గేదె నడిచి రావాలి కనక దానికీ ఇవ్వలేదు. పోలినాయుడు పేరున్న డ్రమ్ముకెదురుగా నిలబడి చేతులు ఊపుతూ తిట్టాను. అది ఎదురు చెప్పలేదు. మా ఇద్దరి గొడవల్లో నేను పూర్తిగా గెలిచింది ఆ ఒక్కసారే, దాన్లో ఏం సుఖం లేదని కూడా అప్పుడే తెలిసింది.

పదకొండో మంగళవారం. లెక్కలో ఆరోది. ఆ రోజు పై నుంచి పెద్ద కమిటీ వచ్చి ఘాటీ మీద కూర్చుందని హిమబిందు ముందే చెప్పింది. వడియాలు పెట్టాను. గేదె వచ్చి పక్కన నిలబడింది. అంతలో జీడితోట వైపు నుంచి నీలవేణి కడుపు పట్టుకుని, గోడలు పట్టుకుంటూ వస్తోంది.

"అత్తా... నొప్పులత్తన్నాయే."

చాపంతా తడిసిపోయిందట. ఉమ్మనీరు పోయింది. మగాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. మంచం మొయ్యడానికి నాలుగు భుజాలు లేవు. ఫోను తీశాను. సిగ్నలు లేదు. తల పైకెత్తితే ప్రతి చూరు కిందా తెల్లపెట్టె, దానికో పచ్చదీపం టక్ టక్ మని కొట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు అని సెకనుకో అంకె ఒకదానికొకటి చెప్పుకుంటూ ఘాటీ మీదికి పంపుతున్నాయి. నూటికి తొంభై తొమ్మిది చక్కగా చేరుతున్నాయట. నా కోడలి మాటొక్కటే చేరదు. ఒళ్ళు భగ్గుమంది నాకు.

అప్పుడు నా కళ్ళు డ్రమ్ము మీద పడ్డాయి.

నీలవేణిని అరుగు మీద కూర్చోబెట్టి, గబగబా బోరింగు దగ్గరికెళ్ళి, కొంగు బిగించి, రెండు చేతులా పట్టుకుని యాభై ఎనిమిది లీటర్ల నీలవేణిని ఒక్క తోపు తోశాను. మూత ఊడి నీళ్ళు వీధంతా పారాయి. నీలవేణి ఒక్కతి రావడాన్ని పెట్టెలు పసిగట్టాయో లేదో, ఈ డ్రమ్మొకటీ చాలదేమోనని పోలినాయుణ్ణి కూడా తోశాను. డెబ్భై ఒక్క లీటర్లు.

పదకొండు నిమిషాలు కాదు, తొమ్మిది నిమిషాలకే దిగింది జీపు. కమిటీ ముందు పరువు పోయిందని డైరెక్టరుగారే వచ్చారు. శాలువా ఒక భుజాన వేలాడుతోంది.

"ఎవరు? ఎవరీ ఘాతుకమునకు పాల్పడినది? ఆరవ పర్యాయము! కమిటీవారు తెరమీద తిలకించుచుండగా!"

"అది తరవాత బాబూ. ముందు మా కోడల్ని ఎక్కించండి."

"అసంభవము! వాహనము విచలన నివారణకు మాత్రమే..."

"ఆగండి బాబూ." నేను నీలవేణి పక్కన నిలబడి, బతుకులో మొదటిసారి కాగితం భాషలో మాట్లాడాను. "ఈ పిల్ల పేరు మీ జాబితాలో ఉందా?"

హిమబిందు జీపులోంచి దిగి, చూడనవసరం లేకపోయినా కాగితం చూసింది. "లేదండి. కొట్టేశాం. జాబితాలో ఉన్నది డ్రమ్మే."

"జాబితాలో లేని మనిషి పరీక్ష వేళ ఊళ్ళో కనబడితే ఏటి?"

"అదనపు ద్రవ్యరాశి," అంది హిమబిందు గట్టిగా. "నిబంధన తొమ్మిది. తక్షణమే పట్నం బస్టాండుకి తరలించాలి. మినహాయింపు లేదు సార్."

"ఆ బస్టాండుకి ఎదురుగుండా ఏటుందో తెలుసా బాబూ?" అన్నాను. "పెద్దాసుపత్రి."

డైరెక్టరుగారు తన సంతకమున్న గోడకాగితం వైపు చూశారు. ఆయన్ని తప్పు పట్టకూడదు, నిబంధన అంటే ఆయనకి ప్రాణం. "తరలించండి," అన్నారు చిన్న గొంతుతో.

నీలవేణిని ఎక్కించి నేనూ ఎక్కబోయాను. "మీరు జాబితాలో ఉన్నారు! కదలరాదు! విచలనము!" అని ఆయన అడ్డుపడ్డారు.

"లెక్క ఎలాగూ పోనాది కదా బాబూ. ఇంక సున్నాకి కిందికెల్లదు," అని ఎక్కి కూర్చున్నాను.

జీపు ఘాటీలో ఎక్కడా ఆగలేదు. రెండేళ్ళ కిందట మంచం దింపిన మలుపు దగ్గర నీలవేణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎనిమిదీ నలభైకి ఆసుపత్రి గుమ్మం. తొమ్మిదీ పదికి ఆడపిల్ల. రెండు కిలోల ఏడొందలు. నా రిజిస్టరులో నేనే రాశాను.

కమిటీవారు ఈ సంఘటనని చాలా తీవ్రంగా పరిగణించారు. వారం తిరక్కుండా గోడ మీద కొత్త కాగితం. ఇకమీదట మంగళవారమే కాదు, అన్ని రోజులూ, అన్ని గంటలూ ప్రామాణికమే. ఏ క్షణాన విచలనం జరిగినా జీపు దిగుతుంది. డ్రమ్ములు దొర్లించదలచినవారు పదిహేను రోజుల ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. వల విడుదల సంగతి లెక్క పది అయ్యాక ఆలోచిస్తారు.

ఇది చదివి ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఎందుకో డైరెక్టరుగారికి అర్థం కాలేదు. డ్రమ్ము ఉన్న ప్రతివాడూ జాబితాలో లేనట్టే కదా. ఇళ్ళల్లో మామూలుగా తిరిగేవాళ్ళ జోలికి సంస్థవారు రారు కానీ, డ్రమ్ము దొర్లి జీపు దిగిందంటే జాబితాలో లేనివాడు ఊళ్ళో అదనం. అదనమైనవాణ్ణి జీపులో ఆసుపత్రి ఎదురుగా దింపాలి, రాత్రనక పగలనక. మంగళవారం ఆ గంటలో ఎప్పుడూ పొలాల్లోనే ఉండి డ్రమ్ములు పడని నాలుగిళ్ళవాళ్ళు కూడా అర్జీలు పెట్టి తెచ్చుకున్నారు. నా మనవరాలికైతే ఆ అవసరమే లేదు. దాని పేరు జాబితాలో పుట్టుకతోనే లేదు.

నెల తిరిగేసరికి సంస్థవారికి అనుమానం వచ్చింది. మనుషులొచ్చి డ్రమ్ములన్నిటి చుట్టూ సిమెంటు పోసి, నేలకి బిగించేసి వెళ్ళారు. హిమబిందు దగ్గరుండి పోయించింది. వెళుతూ వెళుతూ మా అరుగు దగ్గర ఆగి, పాపని ఎత్తుకుని, "ఇంక డ్రమ్ములు కదలవండి టీచరుగారూ," అంది. అని పోలినాయుడి ఇంటి గుంజ వైపు ఓసారి చూసి జీపెక్కింది.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం పోలినాయుడికి గుండెల్లో నొప్పొచ్చి చెమటలు పట్టేశాయి. వాడి పెళ్ళాం కంగారుపడలేదు. గుంజ దగ్గరికెళ్ళి గేదె పలుపు విప్పి, వీధి చివరిదాకా అదిలించి వచ్చింది. పదకొండు నిమిషాలకి జీపు దిగింది. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, సోమవారం ఇంటికొస్తాడు.

గేదెకి సిమెంటు పొయ్యలేరు కదా.